మూతి వంకర: కనిపించే జబ్బు, కనిపించని బాధ



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే జబ్బుకు వైద్యుల పుస్తకాల్లో ముఖ పక్షవాతం అని పేరు. మా నారాయణపట్న సంతలో ఆ పేరుతో ఎవరికీ పని లేదు. తెలుగువాళ్ళం మూతి వంకర పోయిందంటాం. ఒడియావాళ్ళు ముహఁ బంకా అంటారు. ఆయుర్వేదం తెలిసిన పెద్దలు అర్దితవాతం అంటారు. పేరు ఏదైనా చూసినవాళ్ళ నోట మొదట వచ్చే మాట మాత్రం ఒకటే. "అయ్యో, అదేటి, నీ ముఖం అలాగైపోయింది?"

ఆ మాట జాలితోనే అంటారు. కాదనను. కాని రోజుకు ఇరవైమంది అదే మాట అడుగుతూ ఉంటే ఆ మనిషి లోపల ఏం జరుగుతుంది? జరిగేదాన్ని బయటివాళ్ళం ఎలా తెలుసుకోవాలి? ఇవాళ్టి ప్రసంగ విషయం ఇదే. నేను వైద్యుణ్ణి కాను. సరిహద్దు ఊళ్ళో ఒడియాలోనూ తెలుగులోనూ పాఠాలు చెప్పుకునే బడిపంతుల్ని. అయితే బీఎడ్‌లో మాకు మూల్యాంకనం అని ఒక పాఠ్యాంశం ఉంటుంది. ఏదైనా ఎలా కొలవాలి, కొలిచిన తరువాత ఆ కొలతను ఎంతవరకు నమ్మాలి అనే సంగతి అందులో నేర్పుతారు. పిల్లల మార్కుల కోసం నేర్చుకున్న ఆ విద్య ఈ జబ్బు దగ్గర కూడా పనికి వస్తుందని నాకు అనిపించింది.

ముందు జబ్బు సంగతి కొంచెం తెలుసుకుందాం. మెదడు నుంచి బయలుదేరే 12 జతల కపాల నరాల్లో ఏడవ జత ముఖానిది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. చెవి దగ్గర ఎముకలో ఉన్న సన్నని సొరంగం గుండా వచ్చి, అక్కడి నుంచి నుదుటికి, కంటిరెప్పకు, బుగ్గకు, పెదవులకు కొమ్మలుగా చీలుతుంది. ఆ సొరంగంలో నరం వాచిందంటే ఇక అటూ ఇటూ కదలడానికి చోటు లేక నలిగిపోతుంది. ఆ వైపు నుదురు ముడత పడదు, కన్ను మూతపడదు, మూతి రెండోవైపుకు లాక్కుపోతుంది. 1821లో చార్లెస్ బెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈ నరం పనిని వివరించాడు. అందుకే కారణం ఇదీ అని తేలకుండా అకస్మాత్తుగా వచ్చే ముఖ పక్షవాతాన్ని బెల్స్ పాల్సీ అంటున్నారు. ఏడాదికి లక్షమందిలో సుమారు 15 నుంచి 30 మందికి ఇది వస్తుంది. అంటే 50 వేల జనం ఉన్న ఒక బ్లాకులో ఏటా 7 నుంచి 15 మంది దాకా ఉంటారన్నమాట. మధుమేహం ఉన్నవాళ్ళకు, నెలలు నిండుతున్న గర్భిణులకు, కొత్తగా పురుడు పోసుకున్నవాళ్ళకు కాస్త ఎక్కువ. బాలింతకు వస్తే మన ఇళ్ళలో చలిగాలి మీద నెపం వేస్తారు, చెవులకు గుడ్డ కట్టుకోలేదని ఆమెనే తిడతారు. బిడ్డను కన్న నెలలోనే ముఖమూ పోయె, మాటా పడవలసి వచ్చె!

ఇక్కడ ఒక్క హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను. మూతి వంకర పోయినా ఆ వైపు నుదురు మామూలుగా ముడత పడుతూ ఉంటే, లేదా దాంతోపాటు చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దయినా, అది మెదడుకు వచ్చిన పక్షవాతం కావచ్చు. అప్పుడు గంటలు కాదు, నిమిషాలు లెక్క. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. చెవిలో చీము, తలకు దెబ్బ, దవడ దగ్గర గడ్డ వంటివి కూడా ఈ నరాన్ని చెడగొట్టవచ్చు. కుష్ఠువ్యాధి వల్ల కూడా కంటిరెప్ప మూతపడకుండా పోతుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

బెల్స్ పాల్సీ అయితే మాత్రం భయపడవలసినంత జబ్బు కాదు. డెన్మార్కులోని కోపెన్‌హాగన్‌లో ఏళ్ళ తరబడి రోగులను గమనించి 2002లో ప్రకటించిన లెక్క ఒకటి ఉంది. ఏ మందూ వాడకుండానే నూటికి 71 మందికి ముఖం పూర్తిగా మామూలైంది. 2007లో స్కాట్లండు వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, మూడు రోజుల లోపల ప్రెడ్నిసొలోన్ మాత్రలు మొదలుపెట్టినవాళ్ళలో తొమ్మిది నెలలకు నూటికి 94 మంది కోలుకున్నారు. ఆ మాత్రలు వాడనివాళ్ళలో కోలుకున్నవారు నూటికి 82 మంది. మూడు రోజులు అన్నమాటను గుర్తుపెట్టుకోండి. మా వైపు ఆ మూడు రోజులు ఎలా పోతాయో నాకు తెలుసు. మొదటిరోజు, "బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు, గాలి కొట్టింది, రేపటికి సర్దుకుంటుంది" అంటారు. రెండోరోజు దిసారి దగ్గరకు పోతారు. మూడోరోజు డబ్బు చూసుకుంటారు. నాలుగోరోజు పార్వతీపురమో కొరాపుటో బయలుదేరతారు. కొరాపుటులో 2017 నుంచి షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉంది. దూరం తగ్గింది కాని, బయలుదేరడంలో ఆలస్యం తగ్గలేదు.

సరే. నూటికి 70, 80 మంది కోలుకుంటారు. మిగిలినవాళ్ళ సంగతి ఏమిటి? కోలుకునేవాళ్ళు కూడా ఆ మూడు వారాలో, మూడు నెలలో, అద్దం ముందు ఎలా గడుపుతారు?

మన భాషనే ఒకసారి చూడండి. పరువు పోతే ముఖం చెల్లదంటాం. అప్పు తీర్చలేనివాడు ముఖం చాటేస్తాడు. తప్పు చేసినవాడు ఏ ముఖం పెట్టుకొని వస్తాడు అని అడుగుతాం. మనసులో మాట చెప్పలేకపోతే దానికి పేరే మొహమాటం. గౌరవమంతా తీసుకువెళ్ళి ముఖంలో పెట్టిన జాతి మనది. ఇక మూతి సంగతి. ఎదుటివాళ్ళను తక్కువ చేసే ఆడమనిషిని మూతి మూడు వంకరలు తిప్పిందంటాం. మూతి తిప్పడం అంటే వెక్కిరింత అని మనకు పాలతోపాటు వచ్చిన చదువు. ఇప్పుడు ఒక వైపు మాత్రమే పనిచేసే ముఖంతో ఒకామె నిండు మనసుతో నవ్విందనుకోండి. ఎదుటివాళ్ళకు కనిపించేదేమిటి? ఒక పక్కకు లాగిన మూతి. అంటే వెక్కిరింత! నవ్వితే అపార్థం, నవ్వకపోతే పొగరు. ఆమె ఏం చెయ్యాలి?

మగవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. నరం దెబ్బతిని మళ్ళీ మొలిచేటప్పుడు కొన్నిసార్లు తీగలు తారుమారవుతాయి. పెదవికి పోవలసిన తీగ కంటిరెప్పకు పోతుంది. అప్పుడు నవ్వినప్పుడల్లా కన్ను దానంతట అదే మూసుకుంటుంది. చూసేవాళ్ళకు అది కన్నుకొట్టినట్టే ఉంటుంది. నేనెరిగిన ఒక ఉపాధ్యాయుడు (ఊరూ పేరూ చెప్పను) ఈ ఒక్క కారణాన ఆడపిల్లల తరగతిలో నవ్వడం మానేశాడు. పిల్లలు ఆయనను కోపిష్టి మాస్టారు అనేవారు. ఆయనంత మెత్తని మనిషి మా చుట్టుపక్కల లేడు. బదిలీ మీద వచ్చిన కొత్త ఊళ్ళో ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? చెప్పుకుందామంటే ఎలా మొదలుపెట్టాలి? "అమ్మా, నేను కన్ను కొట్టడం లేదు, నా నరం అలా మొలిచింది" అని చెప్పుకోవాలంటే ఎంత గుండె ఉండాలి!

తిండి సంగతి చూద్దాం. చోడి అంబలి తాగితే ఒక మూల నుంచి కారిపోతుంది. అన్నం మెతుకులు ఆ వైపు బుగ్గలో చిక్కుకుంటాయి, వేలు పెట్టి తీసుకోవాలి. ఇంట్లో ఒక్కడూ తింటే పరవాలేదు. పెళ్ళిలో బంతి మీద, అందరి మధ్యా కూర్చుంటే? అందుకే ఇటువంటివాళ్ళు పెళ్ళికి వస్తారు గాని భోజనానికి ఉండరు. "కడుపు బాగోలేదు" అంటారు. నాలుగు పెళ్ళిళ్ళకు కడుపు బాగోలేకపోతే అయిదో పెళ్ళికి ఇక రారు.

మాట సంగతి కూడా చూద్దాం. తెలుగు పంతులును గనక నాకు వర్ణమాల గుర్తుకు వస్తుంది. ప, ఫ, బ, భ, మ. రెండు పెదవులూ కలిస్తేనే పలికే అక్షరాలు ఇవి. పెదవి ఒకవైపు పడిపోయినవాళ్ళకు మొదట జారిపోయేవీ ఇవే. అమ్మ, అప్ప, మామ, బావ, బాబు. చూశారా, మన వరసల్లో ఎన్నో పెదవుల మీదే ఉన్నాయి! క, గ, చ, జలకు ఏ ఇబ్బందీ లేదు. పరాయిమాటలు పలికి, ఇంటివాళ్ళ పిలుపులు తడబడే స్థితి ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ బాధను కొలవడం ఎలా?

వైద్యులు ముఖాన్ని కొలుస్తారు. 1985 నుంచి హౌస్-బ్రాక్‌మన్ కొలమానం అని ఒకటి వాడుకలో ఉంది. ఒకటో శ్రేణి అంటే మామూలు ముఖం, ఆరో శ్రేణి అంటే కదలికే లేని ముఖం. 1996లో కెనడా నుంచి సన్నీబ్రూక్ కొలత వచ్చింది, అందులో నూటికి మార్కులు వేస్తారు. ఇవి మంచి కొలతలే. నరం ఎంత కోలుకుందో చెబుతాయి. కాని ఇవి పరీక్షకుడు వేసే మార్కులు. రోగి తనకు తాను వేసుకునే మార్కులు వేరు. పరిశోధకులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలినదేమిటంటే, ముఖం వంకర ఎంత ఎక్కువగా ఉంటే మనసు బాధ అంత ఎక్కువగా ఉంటుందన్న నియమం ఏమీ లేదు. అయిదో శ్రేణి ముఖంతో సంతలో దర్జాగా బేరమాడే మనిషి ఉంటాడు. రెండో శ్రేణి ముఖంతో, పరాయివాళ్ళకు కనిపించనంత చిన్న తేడాతో, ఏడాదిగా గడప దాటని మనిషీ ఉంటుంది. "నీకంత ఏమీ లేదమ్మా, ఎవరికీ తెలియదు" అని ఆమెను ఓదార్చేవాళ్ళు ముఖానికి మార్కులు వేస్తున్నారు గాని మనసుకు కాదు.

ఈ లోటు గమనించి 1996లో జెస్సీ వాన్‌స్వేరింజెన్, జెన్నిఫర్ బ్రాక్ అనే ఇద్దరు అమెరికా ఫిజియోథెరపిస్టులు పది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. దీన్ని ముఖ వైకల్య సూచిక అనవచ్చు. మొదటి అయిదు ప్రశ్నలు శరీరానివి. నోట్లో తిండి నిలుస్తోందా, గ్లాసుతో నీళ్ళు తాగగలుగుతున్నారా, కొన్ని అక్షరాలు పలకడం కష్టంగా ఉందా, కన్ను ఎండిపోవడమో నీరు కారడమో ఉందా, నోరు పుక్కిలించగలుగుతున్నారా? తరువాతి అయిదూ మనసువి, నలుగురితో మెలగడానివి. నెమ్మదిగా ఉంటున్నారా, మనుషులకు దూరంగా పోతున్నారా, చిరాకు పడుతున్నారా, తెల్లవారకుండానే మెలకువ వచ్చేస్తోందా, ముఖం కారణంగా బయట భోజనాలకూ బజారుకూ వేడుకలకూ పోవడం మానుకున్నారా? 2001లో ఫేస్ స్కేలు అని 15 ప్రశ్నలతో ఇంకొకటి వచ్చింది. దిగులునూ ఆందోళననూ కొలవడానికి 1983 నుంచి 14 ప్రశ్నల పత్రం ఒకటి ఆసుపత్రుల్లో ఉంది. ఏడు ఆందోళనకు, ఏడు దిగులుకు. ఒక్కోదానికి 21 మార్కులు గరిష్ఠం, 8 గాని అంతకు మించి గాని వస్తే జాగ్రత్తగా చూడమని అర్థం. తొమ్మిదే ప్రశ్నలున్న పీహెచ్‌క్యూ పత్రం కూడా ఉంది. అది తెలుగులోకి వచ్చింది.

ఇక్కడే నా బీఎడ్ పాఠం అవసరమవుతుంది. పరీక్షకు రెండు గుణాలు ఉండాలని మాకు చెప్పేవారు. ఒకటి విశ్వసనీయత, అంటే ఈవేళ కొలిచినా రేపు కొలిచినా, నేను కొలిచినా మీరు కొలిచినా ఒకేలా రావడం. రెండోది సప్రమాణత, అంటే కొలవదలచుకున్నదాన్నే కొలవడం. ఆంగ్లంలో పుట్టిన ప్రశ్నను నారాయణపట్నకు తెచ్చినప్పుడు మొదటి గుణం నిలిచినా రెండోది జారిపోతుంది. "హోటలుకు వెళ్ళి తినడం మానుకున్నారా" అని అడిగారనుకోండి. మా కొండ ఊళ్ళలో చాలామంది హోటలుకు ఎప్పుడూ వెళ్ళలేదు. "లేదు" అంటారు. పరీక్షకుడు బాధ లేదని రాసుకుంటాడు. అదే ప్రశ్నను "సంతకు వెళ్ళడం తగ్గించారా, పెళ్ళి బంతికి కూర్చుంటున్నారా, చైత్ర పరబ్‌లో అందరితో కలిసి ఆడారా" అని అడిగి చూడండి. జవాబు మారిపోతుంది.

మాటలూ అంతే. "డిప్రెషన్ ఉందా" అంటే ఉందని ఎవరు చెబుతారు? తెలుగులో మనకు దిగులు ఉంది, బెంగ ఉంది, విరక్తి ఉంది. మూడూ ఒకటి కాదు. దిగులు జరిగినదాని గురించి, బెంగ దూరమైనదాని గురించి. ఒడియాలో అయితే "మన భల లాగు నాహిఁ" అంటారు, మనసు బాగోవడం లేదని. చాలామంది అది కూడా అనరు. తల బరువంటారు, ఆకలి లేదంటారు, గుండె దడదడ అంటారు. మనసు బాధ ఒంటి మీదుగా బయటికి వస్తుంది. కొండవాళ్ళ కువి భాషలో అడగాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. మేం చాలాసార్లు చూసేదేమిటంటే, బడికి పోయే పిల్లనే దుబాసీగా నిలబెడతారు. తల్లి మనసులోని బాధను పదేళ్ళ కూతురు నోటితో చెప్పించడం ఏం న్యాయం? ఆ తల్లి ఏం చెబుతుంది? దుబాసీ పెద్దవాళ్ళై ఉండాలి, ఇంటివాళ్ళు కాకూడదు. ప్రశ్నలను ఒకరు తెలుగులోకో ఒడియాలోకో మార్చాలి, అసలు పత్రం చూడని వేరొకరు దాన్ని తిరిగి మొదటి భాషలోకి మార్చాలి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. రెండు భాషలు తెలిసిన ఉపాధ్యాయులం ఈ ప్రాంతంలో చాలామందిమి ఉన్నాం. వైద్య కళాశాలవారు పిలిస్తే ఈ పని సెలవు రోజుల్లో చేసిపెడతాం.

ఎక్కడ అడుగుతున్నాం అన్నది ఇంకో ముఖ్య విషయం. అత్తగారూ భర్తా పక్కన కూర్చుంటే కోడలు "నాకేం బాధ లేదు" అనే చెబుతుంది. ఒక్కసారి అడిగి ఊరుకోవడమూ చాలదు. మొదటి వారంలో అందరికీ భయమే ఉంటుంది. మూడో నెలలో, ఇక నయం కాదేమోనన్న అనుమానం మొదలైనప్పుడు అడగాలి. ఏడాదికి, చుట్టాలూ పక్కాలూ పలకరించడం మానేసిన తరువాత, మళ్ళీ అడగాలి. మూడు జవాబులూ మూడు రకాలుగా ఉంటాయి.

పత్రం లేకపోయినా కళ్ళు ఉన్నవాళ్ళు కొలవవచ్చు. సంతలో కందులు అమ్ముకునే ఒకామె ఎప్పుడూ కూర్చునే చింతచెట్టు కింద కాకుండా, ఒక గోడ పక్కకు చోటు మార్చింది. బేరం అక్కడ తక్కువ. ఎందుకమ్మా అంటే ఎండ అంది. గోడ ఆమెకు ఎడమవైపు ఉంది. పడిపోయిన బుగ్గ కూడా ఎడమదే. మగవాళ్ళయితే తువ్వాలు మూతికి అడ్డంగా పట్టుకుంటారు. ఇంట్లో అద్దం ఎక్కడికో మాయమవుతుంది. ఫొటో అంటే పిల్లలను ముందుకు తోసి తాము వెనక్కి పోతారు. 2020లో కరోనా వచ్చి అందరూ మాస్కులు పెట్టుకున్న రోజుల్లో ఇటువంటి కొందరు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అందరి మాస్కులూ పోయిన తరువాత కూడా ఒకరి మాస్కు మాత్రం పోలేదంటే, దాని వెనక దుమ్ము కాకుండా ఇంకేదైనా ఉందేమో ఆలోచించండి.

పుట్టుకతోనే ముఖం కదలనివాళ్ళు కొందరుంటారు. దాన్ని మోబియస్ సిండ్రోమ్ అంటారు. అమెరికాలో ఆరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేసే కాథ్లీన్ బోగార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఈ స్థితి ఉంది. తనకున్నదాన్నే ఆమె శాస్త్రంగా చదివింది. ఆమె, ఆమె తోటివారు 2012లో ప్రకటించిన పరిశోధనలో ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. పుట్టుకతో ఇలా ఉన్నవాళ్ళు ముఖానికి బదులు గొంతుతో, చేతులతో, మాటల ఎంపికతో భావాన్ని చూపడం నేర్చేసుకుంటారు. పెద్దయిన తరువాత ముఖం పోగొట్టుకున్నవాళ్ళు ఆ పని అంతగా చెయ్యరు. పెద్దవాళ్ళకు దిగులూ ఆందోళనా ఎక్కువని కూడా ఆమె తరువాతి పనిలో కనిపించింది. ఆలోచిస్తే సహజమే అనిపిస్తుంది. నలభై ఏళ్ళు ఒక ముఖంతో బతికి, ఒక ఉదయం లేచేసరికి ఇంకొక ముఖం. పాతదాన్ని తలచుకుని ఏడ్చే వ్యవధి కూడా ఎవరూ ఇవ్వరు. చావైతే పదకొండు రోజులు కూర్చుంటారు. ముఖం పోతే పరామర్శ ఒక్క పూటే.

గొంతుతో నవ్వడం నేర్చుకోవచ్చన్న మాట రేడియోలో మాట్లాడేవాణ్ణి గనక నాకు బాగా నచ్చింది. ఈ క్షణాన నా ముఖం మీలో ఎవరికీ కనబడడం లేదు గదా! నేను నవ్వుతున్నానో లేదో మీకు తెలుస్తూనే ఉంది.

పెద్దవాళ్ళలో ధైర్యం చూపినవారూ ఉన్నారు. హిందీ నటుడు అనుపమ్ ఖేర్‌కు, 'హమ్ ఆప్కే హైఁ కౌన్' చిత్రీకరణ రోజుల్లో ముఖ పక్షవాతం వచ్చింది. 1994లో విడుదలైన ఆ సినిమా తెలుగులో 'ప్రేమాలయం'గా మనవాళ్ళూ చూశారు. విశ్రాంతి తీసుకొమ్మని వైద్యులు చెప్పినా ఆయన చిత్రీకరణకు వెళ్ళాడు. ఆ సంగతిని ఆయనే తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ముఖమే పెట్టుబడిగా బతికే మనిషి ఆయన. కెనడాలో జాన్ క్రెతియెన్ అనే నాయకుడికి చిన్నతనం నుంచీ మూతి ఒకవైపు పడిపోయి ఉంది. 1993 ఎన్నికల్లో ఎదుటి పార్టీవాళ్ళు ఆయన వంకర ముఖం ఫొటోలతో టీవీలో ప్రకటనలు ఇచ్చారు. జనం మండిపడ్డారు, సొంత పార్టీవాళ్ళే తప్పన్నారు, ప్రకటనలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. క్రెతియెన్ ఆ ఏడాది ప్రధాని అయి 2003 వరకు ఉన్నాడు. అయితే ఈ కథలు రోగికి చెప్పేటప్పుడు కాస్త చూసి చెప్పండి. "వాళ్ళు చేశారు, నువ్వెందుకు చెయ్యలేవు" అన్నట్టు వినబడితే ఓదార్పు కాస్తా దెప్పిపొడుపవుతుంది. ప్రధానిని చూసి ఊరు తలవంచుతుంది. సంతలో కందులు అమ్ముకునేదాన్ని చూసి ఎవరు వంచుతారు?

కుష్ఠు సంగతికి వస్తానన్నాను. మా ప్రాంతంలో కన్ను మూతపడని మనిషిని చూస్తే కొందరికి ఆ అనుమానం వస్తుంది, వెంటనే గ్లాసు వేరు పెడతారు. నిజంగా కుష్ఠు అయినా మందులు మొదలుపెట్టాక అంటదు, మందులు ఉచితం. ఈ జబ్బును విడాకులకు కారణంగా చూపే సెక్షన్లను పార్లమెంటు 2019లోనే తీసేసింది. గ్లాసు మాత్రం ఇంకా వేరుగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కుష్ఠు నయమైనవారూ, యాసిడ్ దాడికి గురైనవారూ అందులో ఉన్నారు. ముఖ పక్షవాతమని విడిగా పేరు లేదు. చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి గదా అని లెక్క కాబోలు. ముఖం ఎందుకు పనికివస్తుందో పై నుంచి ఇంతసేపూ చెప్పుకున్నాం.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మూతి ఒక్క రాత్రిలో వంకర పోయిందంటే చిల్లంగి పెట్టారని మా కొండల్లో తేలికగా అనేస్తారు. అప్పుడు ఇద్దరి ముఖాలు పోతాయి. రోగిది ఒకటి, పేరు బయటికి వచ్చిన ముసలమ్మది ఇంకొకటి. రోగిది మూడు నెలల్లో నయం కావచ్చు. ముసలమ్మది కాదు. 2013లో ఒడిశా ప్రభుత్వం ఇలా మంత్రగత్తెలని ముద్ర వేసి హింసించేవారిపై ప్రత్యేక చట్టం తెచ్చింది. చట్టం వరకు పోకుండా, మొదటిరోజే ఎవరో ఒకరు "ఇది నరం జబ్బు, పద ఆసుపత్రికి" అనగలిగితే బాగుంటుంది. ఆ మనిషి ఆశా కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ అమ్మ కావచ్చు, మా పంతుళ్ళలో ఒకరు కావచ్చు. దిసారితో పోట్లాట పెట్టుకోనక్కర్లేదు. ఆయన పూజ ఆయన చేస్తాడు, మాత్రలు ఆగకపోతే చాలు. బుగ్గకు కరెంటు పెట్టించుకోమని సలహా చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. దానివల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఆ డబ్బు కంటి మందుకు పెట్టండి. మూతపడని కన్ను ఎండిపోయి పుండు పడితే చూపుకే ముప్పు. పగలు చుక్కల మందు, రాత్రి రెప్ప మీద మెత్తని టేపు అంటించుకోవాలి. పొలం పనిలో దుమ్ముకు కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఆ మనిషితో మాట్లాడేటప్పుడు పడిపోయిన బుగ్గను కాకుండా కళ్ళలోకి చూసి మాట్లాడండి. "తగ్గిందా" అని రోజూ అడగవద్దు. అద్దం ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటుంది. "ఈవేళ ఏం తిన్నావు, ఎవరింటికి వెళ్ళావు, రాత్రి నిద్ర పట్టిందా" అని అడగండి. పది ప్రశ్నల పత్రంలో సగం ఈ మూడు మాటల్లోనే ఉంది. వరుసగా రెండు వారాలు నిద్ర లేదన్నా, ఎవరింటికీ పోలేదన్నా, బతికి ఏం లాభమని ఒక్కసారైనా అన్నా, అప్పుడు మీరొక్కరే మోయవద్దు. 14416 నంబరుకు ఫోను చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ సేవ అది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఫోనులో మాట్లాడటానికి ముఖం చూపించవలసిన పని కూడా లేదు.